రవ్వలు పడుతున్నా మంట అంటుకోకపోతే

చలికాలంలో అరకు క్యాంపులో పుల్లలన్నీ మంచుకి చెమ్మగిల్లాయి. ఫెర్రో రాడ్‌ని (నిప్పురవ్వలు రాల్చే లోహపు కడ్డీ) బ్లేడుతో గీస్తే రవ్వలు బాగానే పడుతున్నాయి, కొబ్బరి పీచు మాత్రం అంటుకోవడం లేదు. రవ్వ వేడి దాదాపు 3,000 డిగ్రీలున్నా క్షణంలో ఆరిపోతుంది. అది పడే చోట నూగులాంటి పొడి పోగులుండాలి.

దూదికి వాజలిన్ రుద్ది, పొడిగా మిగిలిన పోగుల్ని పైకి లాగాను. రాడ్ కొసను దూదికి ఆనించి, బ్లేడును కదపకుండా రాడ్‌నే వెనక్కి లాగాను. పేర్చిన దూది చెదరలేదు, వెంటనే అంటుకుంది. నా లెక్కలో అసలు కిటుకు ఇదే. వాజలిన్ వల్ల దూది కొన్ని నిమిషాలు మండుతుంది. తడి పుల్లల బెరడు తీసి, లోపలి పొడి చెక్కను సన్నగా చీల్చి ముందే పక్కన పెట్టుకున్నాను కాబట్టి టెన్షన్ లేకుండా మంట నిలబడింది.

కొత్త రాడ్ అయితే పైనున్న నల్ల పూతను ముందే గీకేయండి, అది పోతేగాని రవ్వలు సరిగా రావు.