తెలుగు పేర్లను కోడుతో కోయకండి
వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకుంటున్న కోనసీమ పిల్లలు అంబాజీపేట కొబ్బరి ధరలు గానీ, రావులపాలెం అరటి గెలల ధరలు గానీ చూపించే పేజీని మొదటి ప్రాజెక్టుగా చేస్తే బాగుంటుంది. అయితే ఊరి పేరు ఫోను తెరలో పట్టడం లేదని జావాస్క్రిప్ట్ (పేజీని పనిచేయించే భాష)లో పదాన్ని కోసే ఆదేశమైన స్లైస్‌తో కత్తిరించకండి. ‘కొత్తపేట’ మన కంటికి నాలుగు అక్షరాలే. జావాస్క్రిప్ట్ లెక్కలో మాత్రం ఎనిమిది: క, ఒత్వం, త, పొల్లు, మళ్లీ త, ప, ఏత్వం, ట. నాలుగు దగ్గర కోస్తే మిగిలేది ‘కొత్’. చూడటానికే చిరాకు.

ఆ పని పేజీ రూపాన్ని దిద్దే సీఎస్ఎస్‌కు వదిలేయండి. ఓవర్‌ఫ్లో హిడెన్, వైట్-స్పేస్ నోర్యాప్, టెక్స్ట్-ఓవర్‌ఫ్లో ఎలిప్సిస్ అనే మూడు నియమాలూ కలిపి రాస్తే, చోటు చాలని దగ్గర అదే చుక్కలు పెడుతుంది. ఇక్కడే ఇంకో చిక్కుంది. ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టాక వరుస ఎత్తు చాలకపోతే కింద ఉన్న వత్తు తెగిపోయి, కొత్తపేట కాస్తా ‘కొతపేట’ అవుతుంది. లైన్-హైట్ (వరుస ఎత్తు, అక్షర పరిమాణానికి ఎన్ని రెట్లో) 1.6 ఇచ్చి చూడండి. ఇంగ్లిషుకు సరిపోయే 1.2 మన వత్తులకు చాలాసార్లు ఇరుకే.