పొట్టి పిల్లవాణ్ణి కిక్ రిటర్నర్‌గా పెట్టాలా, రిసీవర్‌గా ఆడించాలా? ఎలా తేల్చుకోవాలి, ఎలా నేర్పాలి

అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో పొట్టిగా, సన్నగా ఉన్న పిల్లవాడు చేరగానే చాలామంది కోచ్‌లు చేసే మొదటి పని అతన్ని మైదానం చివరికి పంపి కిక్‌లు పట్టమనడం. చిన్నవాడు కాబట్టి చురుగ్గా ఉంటాడు, చురుగ్గా ఉంటాడు కాబట్టి ఎవరికీ దొరకడు అన్నది వాళ్ల లెక్క. డాలస్ ఉత్తర శివార్లలో 9 సీజన్లుగా 8 నుంచి 13 ఏళ్ల పిల్లలకు వాలంటీర్ కోచ్‌గా పనిచేస్తున్న నేను ఈ లెక్క తప్పడం ఏటా చూస్తూనే ఉన్నాను. చిన్న పిల్లవాడు ముందు స్లాట్ రిసీవర్‌గా ఆడాలి, ఆ తర్వాత పంట్ రిటర్న్ నేర్చుకోవాలి, అన్నిటికన్నా చివర కిక్ఆఫ్ రిటర్న్‌కు వెళ్లాలి. ఈ వరసను తలకిందులు చేయకూడదు.

ఈ ఆటకు కొత్తయిన తల్లిదండ్రుల కోసం రెండు మాటలు చెప్పాలి. కిక్ఆఫ్ అంటే ఆట మొదలైనప్పుడు, పాయింట్లు వచ్చిన తర్వాత, నేలమీద నిలబెట్టిన బంతిని ఎదుటి జట్టువైపు తన్నడం. పంట్ అంటే నాలుగో ప్రయత్నంలో ముందుకు వెళ్లే ఆశ లేనప్పుడు చేతిలోంచి వదిలి గాలిలోనే తన్నడం. ఈ రెండిటినీ పట్టి ఎదుటి జట్టు వైపుకు పరుగెత్తేవాడు రిటర్నర్. స్లాట్ రిసీవర్ అంటే బంతి దగ్గరి వరసకు కాస్త వెనకగా, లోపలివైపు నిలబడి, క్వార్టర్‌బ్యాక్ విసిరే చిన్న పాస్‌లు పట్టేవాడు.

రిసీవర్ ముందు ఎందుకన్నది దూరాన్ని బట్టి తెలుస్తుంది. స్లాట్‌లో ఉన్న పిల్లవాడికి ఎదురుగా ఉన్న డిఫెండర్ సాధారణంగా 5 గజాల దూరంలో ఉంటాడు, అతనికి పరుగు పుంజుకునే చోటు ఉండదు. కిక్ఆఫ్‌లో 30, 40 గజాల నుంచి పూర్తి వేగంతో వచ్చేవాడు అదే పిల్లవాణ్ణి ఢీకొంటాడు. వేగం రెట్టింపైతే ఢీకొనే శక్తి నాలుగింతలవుతుంది. అందుకే పిల్లల ఫుట్‌బాల్ లీగ్‌లు నడిపే పాప్ వార్నర్ సంస్థ 2016లో తన అతిచిన్న వయోవిభాగాల్లో కిక్ఆఫ్‌లను పూర్తిగా తీసేసింది. ఐవీ లీగ్ కాలేజీలు 2015 సీజన్ లెక్కలు తీసి చూస్తే, మొత్తం ఆటలో కిక్ఆఫ్‌ల వాటా 6 శాతమే, కంకషన్లలో (తలకు దెబ్బ తగిలి మెదడు అదరడం) మాత్రం వాటి వాటా 21 శాతం. ఆ మరుసటి సీజన్‌లో కిక్ఆఫ్‌ను 35 గజాల గీత నుంచి 40 గజాల గీతకు జరిపారు (బంతి మైదానం చివర దాటిపోయి రిటర్న్ పరుగులు తగ్గడం కోసం), కిక్ఆఫ్‌లలో కంకషన్లు బాగా తగ్గాయి. కాలేజీ ఆటగాళ్ల విషయంలోనే ఇంత జాగ్రత్త పడినప్పుడు, 70 పౌండ్ల పిల్లవాణ్ణి మొదటి వారంలోనే కిక్ఆఫ్ కింద నిలబెట్టడానికి ఏ కారణమూ నాకు కనబడదు.

ఎన్ఎఫ్ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) ఆటగాళ్లను ఉదాహరణగా చూపేవాళ్లకు ఒక్క మాట. డారెన్ స్ప్రోల్స్ ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలే, గొప్ప రిటర్నర్ కూడా. కానీ అతని బరువు దాదాపు 190 పౌండ్లు. పొట్టిగా ఉండడం వేరు, తేలికగా ఉండడం వేరు. 20 రిటర్న్ టచ్‌డౌన్‌లతో (బంతితో ఎదుటి జట్టు గోల్ లైన్ దాటి పాయింట్లు తేవడం) 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరిన డెవిన్ హెస్టర్‌కు 5 అడుగుల 11 అంగుళాలు, అతను చిన్నవాడే కాదు. మన పిల్లలకు దగ్గరి దారి చూపేవాళ్లు స్లాట్‌లో ఉన్నారు. డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో పక్కనే ఉన్న లిటిల్ ఎల్మ్ హైస్కూల్లో చదివిన కోల్ బీస్లీ 5 అడుగుల 8 అంగుళాల మనిషి. 2012లో డ్రాఫ్ట్‌లో (ఎన్ఎఫ్ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ఎవరూ తీసుకోకపోయినా డాలస్ కౌబాయ్స్‌లో స్లాట్ రిసీవర్‌గా నిలబడ్డాడు. టెక్సాస్ టెక్‌లో పంట్ రిటర్న్‌లతో పేరు తెచ్చుకున్న వెస్ వెల్కర్‌నూ 2004లో డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. అతని పేరు నిలిచింది మాత్రం స్లాట్ రిసీవర్‌గానే.

మొదటి దశ సామాను. కొలతకు సరిపోయే హెల్మెట్, షోల్డర్ ప్యాడ్లు, మౌత్‌గార్డ్, క్లీట్లు (అడుగున ముళ్లున్న బూట్లు) చాలు. బంతి వయసుకు తగిన సైజులో ఉండాలి: సుమారుగా 9 ఏళ్లలోపు పీవీ, 12 వరకు జూనియర్, 14 వరకు యూత్. పెద్ద బంతితో ముందే అలవాటు చేస్తే మంచిదన్న మాట వినకండి, చేతులు పాడవుతాయి. గ్లవ్స్ మొదటి ఏడాది వద్దు. గ్లవ్స్ జిగురు మీద ఆధారపడిన చేతులకు బంతిని మెత్తగా అందుకోవడం ఎప్పటికీ రాదు.

రెండో దశ పరీక్ష. పిల్లవాణ్ణి 10 గజాల దూరంలో నిలబెట్టి, ఛాతీ ఎత్తులో 10, నడుము కింద 10 బంతులు విసరండి. ఛాతీ ఎత్తు బంతికి బొటనవేళ్లు దగ్గరగా, నడుము కింద బంతికి చిటికెనవేళ్లు దగ్గరగా ఉండాలి. 20లో 15 పట్టేవరకు రిటర్న్ అన్న మాట ఎత్తకూడదు. పరుగు వేగం కొలవడం దండగ, బంతి పట్టని వేగం ఎవరికీ పనికిరాదు.

మూడో దశ స్లాట్‌లో ఒక సీజన్. హిచ్ (కొంచెం పరుగెత్తి ఆగి వెనక్కి తిరగడం), స్లాంట్ (ఏటవాలుగా లోపలికి), అవుట్ (బయటి గీత వైపుకు) అనే మూడు రూట్లు, అంటే పరుగు దారులు, చాలు, నాలుగోది నేర్పవద్దు. మధ్యలోకి అడ్డంగా పరుగెత్తే పొడవాటి క్రాసింగ్ రూట్లను ఈ ఏడాది పూర్తిగా పక్కన పెట్టండి, ఎందుకంటే క్వార్టర్‌బ్యాక్ కూడా చిన్నవాడే, ఆలస్యంగా ఎత్తుగా వేసే బంతి కోసం చేతులు చాచినప్పుడు పక్కటెముకలకు కాపు ఉండదు. ఫ్లాగ్ ఫుట్‌బాల్ (ఢీకొట్టకుండా నడుముకు కట్టిన పట్టీ లాగే ఆట) నుంచి వచ్చే మన తెలుగు పిల్లలకు ఈ దశ త్వరగా వస్తుంది. అయితే ఎన్ఎఫ్ఎల్ ఫ్లాగ్ ఆటలో కిక్ఆఫ్ గానీ పంట్ గానీ ఉండవు కాబట్టి, తర్వాతి దశ వాళ్లకు అక్షరాలు దిద్దడం దగ్గరనుంచి మొదలవుతుందని గుర్తుంచుకోవాలి.

నాలుగో దశ పైనుంచి పడే బంతిని పట్టడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

మన ఇళ్లలో తండ్రులు సాయంత్రం పార్కుకు తీసుకెళ్లి, క్రికెట్‌లో హై క్యాచ్ పట్టినట్టు చేతులు ముఖం ముందుకు ఎత్తి పట్టమని నేర్పుతారు. ప్రేమతో నేర్పే పాఠమే, కానీ ఈ ఆటకు అది తప్పు. క్రికెట్ బంతి గుండ్రంగా ఉంటుంది, పట్టేవాడి మీదికి ఎవరూ పరుగెత్తుకు రారు. ఈ బంతి కోలగా ఉండి తిరుగుతూ దిగుతుంది, మొన ఏ క్షణాన ఎటు ఉంటుందో చెప్పలేం. ముఖం ముందు చాచిన వేళ్లకు మొన తగిలితే బంతి జారి నేరుగా ఫేస్‌మాస్క్‌కు (హెల్మెట్ ముందున్న కడ్డీలు) కొట్టుకుంటుంది. చేతులు అంత ఎత్తున ఉన్నప్పుడు మోచేతుల మధ్య ఖాళీ ఉంటుంది, బంతి అందులోంచి కిందికి పోతుంది. క్రికెట్ నుంచి తీసుకోవలసినది పాదాలను మాత్రమే: బంతి కిందికి ముందుగా చేరుకోవడం, చేరాక నిలదొక్కుకోవడం.

చేతులు ఇలా ఉండాలి. రెండు మోచేతులూ పొట్టకు ఆనుకుని, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. అరచేతులు ఆకాశం వైపు, వేళ్లు విడివిడిగా, ఛాతీ కింది ఎముక ఎత్తులో ఉండాలి. చంటిబిడ్డను అందుకున్నట్టు బంతిని ముందు చేతుల్లోకి, వెంటనే ఒంటికి అదుముకుని తీసుకోవాలి. బంతి తగిలే క్షణంలో మోకాళ్లు కాస్త వంగితే దెబ్బ తగ్గుతుంది. గట్టిగా నిలబడి పట్టినవాడి ఛాతీ ప్యాడ్‌కు తగిలి బంతి ఎగిరిపోవడం మీకు ఒక్క సాయంత్రంలోనే కనిపిస్తుంది.

కళ్ల సంగతి మరీ ముఖ్యం. కిందటి సీజన్‌లో 66 పౌండ్ల బరువున్న ఒక అబ్బాయి మా జట్టుకు వచ్చాడు. అంతకుముందు ఏడాది మరో జట్టులో మొదటి ఆట మొదటి కిక్ఆఫ్‌కే అతన్ని వెనక నిలబెట్టారట. బంతి మోచేతుల మధ్యనుంచి జారి ఫేస్‌మాస్క్‌కు తగిలింది, అందుకోవడానికి వంగాడు, రెండు పక్కలనుంచీ ఇద్దరు వచ్చి గుద్దారు. ఎముక విరగలేదు. కానీ మా దగ్గర మొదటి రోజు నేను బంతి ఎత్తుగా విసిరినప్పుడు గమనించాను: బంతి చేతులకు ఒక గజం పైన ఉండగా గడ్డం పైకి లేచింది, రెండు కళ్లూ గట్టిగా మూసుకున్నాయి, చేతులు మాత్రం ఉండవలసిన చోటే ఉన్నాయి. ఆ భయం పోవడానికి 7 వారాలు పట్టింది. హెల్మెట్ తీయించి, ముందు టెన్నిస్ బంతితో, తర్వాత గాలి కొంచెం తీసిన పీవీ బంతితో, నా చేతిలోంచి 5 అడుగుల ఎత్తుకు మాత్రమే విసురుతూ, బంతి మీద స్కెచ్‌పెన్‌తో రాసిన అంకె ఏమిటో పట్టేలోపు చెప్పమన్నాను. అంకె చదవాలంటే కళ్లు తెరిచి ఉండక తప్పదు. ‘ధైర్యంగా ఉండు’ అని అరిచే కోచ్‌లు వంద సార్లు అరిచినా రాని ఫలితం దీనితో వస్తుంది. చేయించవలసిన పద్ధతి ఇదొక్కటే.

తర్వాత బంతి ఎక్కడ పడుతుందో అంచనా వేయడం. కాలు తగిలిన చప్పుడు వినగానే ముందుకు పరుగెత్తడం పిల్లల స్వభావం. మొదటి అడుగు ఎప్పుడూ వెనక్కే వేయించండి, ముందుకు రావడం సులువు, వెనక్కి పరుగెత్తుతూ తల వెనకగా పట్టడం అసాధ్యం. పంట్ పైకి వెళ్లాక దాని మొనను చూడాలి: మొన తిరగబడి కిందికి వాలితే బంతి ఇంకా దూరం వస్తుంది, మొన పైకే ఉండిపోతే ముందే పడిపోతుంది. మన గోల్ లైన్‌కు 10 గజాల ముందున్న గీత మీద మడమలు పెట్టి నిలబడమనండి. బంతి తల మీదుగా వెళితే అది గోల్ లైన్ దాటనివ్వాలి, దాని వెంట పడకూడదు. యంత్రంతో కాకుండా మనిషి తన్నిన బంతులతోనే సాధన చేయించాలి, ఎందుకంటే యంత్రం వేసే బంతి ప్రతిసారీ ఒకేలా వస్తుంది, 11 ఏళ్ల పిల్లవాడు తన్నిన బంతి ఒక్కసారి కూడా ఒకేలా రాదు.

ఐదో దశ ఫెయిర్ క్యాచ్. బంతి గాలిలో ఉండగా రిటర్నర్ ఒక చెయ్యి తలపైకి పూర్తిగా ఎత్తి ఇటూ అటూ ఊపితే, అతను ముందుకు పరుగెత్తకూడదు, ఎదుటివాళ్లు అతన్ని తాకకూడదు. చెయ్యి సగం ఎత్తి దించేయడం ప్రమాదం, రిఫరీకి కనబడదు, పరుగెత్తుకొచ్చేవాడికి అసలే కనబడదు. మొదటి సీజన్ మొత్తం ప్రతి పంట్‌కూ ఫెయిర్ క్యాచే. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఫెయిర్ క్యాచే. దీనికి కొందరు తండ్రులు నామీద కోపం తెచ్చుకుంటారు, మావాడికి టచ్‌డౌన్ కొట్టే అవకాశం పోయిందంటారు. పరుగెత్తాలా వద్దా అన్న నిర్ణయాన్ని మొదటి ఏడాది పిల్లవాడి నెత్తిన పెడితే, అతని చూపు బంతి మీదనుంచి మనుషుల మీదికి పోతుంది. జారిన బంతుల్లో ఎక్కువభాగం ఆ ఒక్క చూపు వల్లే.

పంట్ నేలమీద పడి దొర్లుతుంటే వదిలేయాలి. మన జట్టులో ఎవరూ దాన్ని తాకకపోతే ఎదుటివాళ్లు పట్టుకున్నా బంతి మనదే, మనవాడి కాలికి తగిలితే మాత్రం ఎవరు పట్టుకుంటే వాళ్లది. కాబట్టి రిటర్నర్ ‘పీటర్, పీటర్’ అనే సంకేత మాట గొంతెత్తి అరిచి తనవాళ్లను దూరంగా పంపాలి. మెత్తని స్వభావం ఉన్న పిల్లలు ఇక్కడ నోరు విప్పరు. ఇంటి వెనక పెరట్లోనైనా సరే, అరవడాన్ని ప్రత్యేకంగా సాధన చేయించాలి.

ఆరో దశ కిక్ఆఫ్. పంట్‌కు ఉన్న వెసులుబాటు దీనికి లేదు: 10 గజాలు దాటిన కిక్ఆఫ్ బంతిని ఎవరూ తాకకపోయినా ఎదుటివాళ్లు పట్టుకుంటే వాళ్లదే అవుతుంది, అందువల్ల వదిలేయడం కుదరదు. గోల్ లైన్ దాటిన బంతి విషయంలో మీ లీగ్ ఏ నియమాలతో ఆడుతుందో ముందే అడిగి తెలుసుకోండి. చాలా రాష్ట్రాల హైస్కూల్ నియమాల ప్రకారం కిక్ గోల్ లైన్ దాటగానే ఆట ఆగిపోతుంది, టెక్సాస్ ప్రభుత్వ హైస్కూళ్లు మాత్రం కాలేజీ నియమాలతో ఆడతాయి. స్లాట్‌లో ఒక సీజన్, పంట్‌లకు మరో సీజన్ ఆడి, 20 పంట్‌లలో 18 పట్టగలిగి, బరువు కూడా కొంత పెరిగాకే ఈ చోటు ఇవ్వాలి. ఇచ్చినా ఇద్దరు రిటర్నర్లను నిలబెట్టండి, పెద్దవాడు మధ్యలో, చిన్నవాడు పక్కన.

ఆటరోజు పిల్లవాడు గోల్ పోస్టుల పైన కట్టిన రిబ్బన్లను చూసి గాలి ఎటు వీస్తోందో మీకు చెప్పాలి, రెండు దిక్కులనుంచీ అయిదేసి బంతులు పట్టాలి. అయిదులో రెండు జారితే ఆ రోజు అతన్ని స్లాట్‌లోనే ఆడించండి. ఆటలో బంతి జారిందంటే ఎత్తుకుని పరుగెత్తకూడదు: ఒక పక్కకు పడి, మోకాళ్లు ముడుచుకుని, రెండు చేతులతో బంతిని పొట్టకు హత్తుకుని, విజిల్ వినిపించేదాకా అలాగే ఉండాలి.