సెంటార్ బొమ్మ నడుము దగ్గర ఊడుతోందా? మినియేచర్ మార్పుల్లో వచ్చే చిక్కులు

పాత కిట్లలో మిగిలిన గుర్రం ఒకటి, కాళ్లు లేని సైనికుడి మొండెం ఒకటి ఉన్నాయనుకుందాం. రెండూ 28 మి.మీ. సైజువే, అంటే నిలబడ్డ మనిషి బొమ్మ సుమారు అంత ఎత్తుండే కొలతవి. వీటితో సెంటార్ (నడుము పైన మనిషి, కింద గుర్రం) చేయాలనుకుంటే సాధారణంగా ఎదురయ్యే ఇబ్బందులివి.

మొండెం అతకడం లేదు, అతికినా వేలు తగిలితే ఊడుతోంది

ముందు ఆ ముక్క దేనితో చేసిందో తేల్చుకోండి. కనపడని చోట కత్తితో గీరి చూడండి. చుట్టలు చుట్టుకుంటూ వస్తే పాలీస్టైరీన్ ప్లాస్టిక్, పొడిగా రాలితే రెజిన్. ప్లాస్టిక్ సిమెంట్ పాలీస్టైరీన్‌ను కరిగించి కలుపుతుంది కానీ రెజిన్‌నూ లోహాన్నీ ఏమీ చేయలేదు. వాటికి సూపర్ గ్లూ కావాలి. రెజిన్ ముక్క అయితే అచ్చులోంచి వచ్చిన జిడ్డు పోయేలా గిన్నెలు తోమే సబ్బుతో, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరనివ్వండి. రుద్దేటప్పుడు తడి ఎమరీ పేపర్ వాడండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

బరువు పడే అతుకుకి జిగురొక్కటే చాలదు. 1 మి.మీ. బిట్‌తో రెండు వైపులా రంధ్రం చేసి పేపర్ క్లిప్ తీగ దూర్చండి. రంధ్రాలు ఎదురెదురుగా రావాలంటే ఒకవైపు చిన్న రంగు చుక్క పెట్టి రెండోదానికి అద్దండి, మచ్చ పడిన చోటే డ్రిల్ చేయండి.

గుర్రమెక్కిన మనిషిలా ఉంది, సెంటార్‌లా లేదు

ఎక్కువమంది గుర్రం మెడను సగంలో కోస్తారు, లేదా మొండాన్ని వీపు మీదికి జరుపుతారు. మెడ మొదలయ్యే చోట, భుజాల పైనే ఏటవాలుగా కోయాలి. మనిషి నడుము ముందుకాళ్లకు సరిగ్గా పైన నిలవాలి. అప్పుడు మనిషి నడుము సన్నగా, గుర్రం ఛాతీ వెడల్పుగా కనిపిస్తాయి. ఆ తేడాను గ్రీన్ స్టఫ్‌తో (పసుపు, నీలం ముద్దలు కలిపితే గట్టిపడే పుట్టీ) పూడ్చాలి, అదీ ఒక్కసారిగా కాదు. ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బుతుంది, పొద్దుటికి చేసిన కండలన్నీ చెదిరిపోతాయి. మొదటి పొరను కావలసిన ఎత్తుకన్నా కాస్త తక్కువగా పెట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు పైన పల్చటి పొర వేసి, పొట్ట కండరాలను గుర్రం ఛాతీలోకి జారేలా తీయండి. కండలు ఎంతకీ కుదరకపోతే అక్కడ బొచ్చు చర్మమో వెడల్పాటి బెల్టో చుట్టేయండి. అందులో నామోషీ ఏమీ లేదు.

పుట్టీలో గట్టి పలుకులు, లేదా ఎంతకీ ఆరని జిగట

పట్టీగా వచ్చే గ్రీన్ స్టఫ్‌లో పసుపు, నీలం తగిలి ఉన్న గీత ముందే గట్టిపడుతుంది. పలుకులు అక్కడివే. ఆ గీతను సన్నగా కోసి పారేయండి. జిగటకు కారణం సరిగా కలపకపోవడం, లేదా పసుపు మరీ ఎక్కువ కావడం. గీతలు లేని ఒకే ఆకుపచ్చ వచ్చేదాకా పిసకండి, చేతికి గ్లవ్స్ ఉంటే మేలు. పసుపు కాస్త పెంచితే మెత్తగా సాగుతుంది, నీలం పెంచితే అంచులు పదునుగా నిలుస్తాయి. వేడికి తొందరగా బిగుస్తుంది కాబట్టి మే నెలలో కొంచెం కొంచెమే కలుపుకోండి.

పనిముట్టుకు అంటుకుంటోంది, వేలిముద్రలు పడుతున్నాయి

కలిపిన వెంటనే చెక్కకండి, ఓ అరగంట ఆగండి. పనిముట్టును నీళ్లతో తడుపుతూ ఉండండి. వాజిలీన్ కూడా పనిచేస్తుంది కానీ తర్వాతి పొరకు ముందు దాన్ని కడిగేయాలి, లేకపోతే పొర పట్టదు.

రుద్దితే నునుపు రాకుండా నూగు లేస్తోంది

గ్రీన్ స్టఫ్ ఆరినా రబ్బరులా ఉంటుంది, ఎమరీ పేపర్‌కు లొంగదు. కత్తి అలుగు, కవచం లాంటి చదును పనులకు మిల్లిపుట్ అనే ఇంకో రకం పుట్టీ వాడండి, లేదా రెండూ సగం సగం కలపండి. లోపలి మందం నింపడానికైతే హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఎం-సీల్ చాలు.

అతుకు చుట్టూ తెల్లటి బూజులాంటి పొర

సూపర్ గ్లూ ఆవిరి గాలిలోని తేమతో కలిసి పేరుకునేదే ఇది. సముద్రతీర ఊళ్లలో వానాకాలం మరీ ఎక్కువ. జిగురు చుక్క తగ్గించి గాలి ఆడేచోట ఆరబెట్టండి. పడిన మరక ప్రైమర్ (అసలు రంగుకు ముందు వేసే పూత) కింద దాగిపోతుంది. ప్రైమర్ మాత్రం మొదట బూడిదరంగుది పల్చగా ఒక్క కోటే వేయండి. పూడ్చని సందులు అప్పుడే బయటపడతాయి.