టెక్సస్ పల్లె కౌంటీలో క్రిమినల్ రికార్డు దొరక్కపోతే

ఆన్‌లైన్‌లో పేరు కొడితే ఏమీ రాలేదంటే కేసు లేదని కాదు. ఫెలనీ (పెద్ద నేరం) ఫైళ్లు డిస్ట్రిక్ట్ కోర్టు రికార్డులు చూసే డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర, క్లాస్ ఏ, బీ మిస్‌డిమీనర్లు (అంతకన్నా చిన్న నేరాలు) కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి. జరిమానాతో పోయే క్లాస్ సీ అయితే జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టులోనో (చిన్న కేసులు చూసే స్థానిక కోర్టు), మునిసిపల్ కోర్టులోనో చూడాలి. బాగా చిన్న కౌంటీల్లో రెండు క్లర్కు పనులూ ఒక్కరే చూస్తుంటారు. అక్కడ వెబ్‌సైటు కన్నా ఫోనే నయం.

అరెస్టు వివరాలకు షెరిఫ్ ఆఫీసుకి పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్ (టెక్సస్ సమాచార హక్కు చట్టం) కింద అర్జీ రాసి పెట్టాలి. అదే చట్టం చూపించి క్లర్కుని అడగొద్దు, కోర్టులకు అది వర్తించదు. ఫెలనీలో గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ఇండైట్‌మెంట్, అంటే అభియోగపత్రం, ఇవ్వకముందు డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర ఫైలే ఉండకపోవచ్చు.

నాకు ముడి వీడింది పేరు దగ్గరే. పాస్‌పోర్టులో ఒకటే పేరుంటే రికార్డులో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదు) అని ఎక్కొచ్చు. ఇంటిపేరు, అసలు పేరు తారుమారవుతుంటాయి. రెండూ తిప్పి, ఇంటిపేరు మొదటి మూడు అక్షరాలే కొట్టి, పుట్టినతేదీతో సరిచూడాలి. 04/07 అంటే అక్కడ ఏప్రిల్ 7, జులై 4 కాదు!

కాజ్ నంబరు (కోర్టు కేసు నంబరు) చేతికొస్తే జడ్జిమెంటో, కేసు కొట్టేసిన డిస్మిసల్ ఆర్డరో నకలు అడగండి. డిస్ట్రిక్ట్ క్లర్కు దగ్గర సర్టిఫైడ్ కాపీ పేజీకి 1 డాలరు. ఎక్స్‌పంక్షన్ (కోర్టు ఆదేశంతో రికార్డు చెరిపేయడం) అయిన కేసు మాత్రం క్లర్కు దగ్గర ఎంత వెతికినా కనబడదు.