ఒక ఫుట్‌బాలర్ కెరీర్‌ను ఎలా చదవాలి? సున్ వెన్‌తో మొదలుపెట్టండి

చైనా మహిళల ఫుట్‌బాల్ జట్టుకు గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌గా ఆడిన సున్ వెన్ పేరు ఎక్కడో విని, ఎవరబ్బా ఈమె అని వెతికితే ముందుగా కళ్లబడేవి రెండు అంకెలు: 152 అంతర్జాతీయ మ్యాచ్‌లు, 106 గోల్స్. అబ్బో అనుకుని పేజీ మూసేస్తాం, వారం తిరక్కుండా మర్చిపోతాం. క్రికెటర్ల విషయంలో మాత్రం అలా వదలం కదా, ఆ సెంచరీ ఎవరి మీద కొట్టాడు, పిచ్ ఎలా ఉంది, అవతల బౌలింగ్ ఏంటి అని టీ చల్లారేదాకా వాదించుకుంటాం. అదే పట్టుదల ఇక్కడా చూపిస్తే సరిపోతుంది. అందులోనూ చైనా మహిళల జట్టు ప్లేయర్ అయితే ఇంకా అవసరం, ఎందుకంటే ఆ తరం వాళ్ల కెరీర్‌లో సగం సంగతి కాళ్లలో ఉంటే మిగతా సగం క్యాలెండర్‌లో ఉంది.

ఒక కాగితం, పెన్సిల్, నెట్ ఉన్న ఫోన్, ఓ సాయంత్రం. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

1. ముందు ఏళ్లు రాసుకోండి

గోల్స్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. కాగితం ఎడమవైపు ఆమె వయసు, కుడివైపు ఆ ఏడాది ఏం జరిగిందో రాయండి. సున్ వెన్ 1973 ఏప్రిల్ 6న షాంఘైలో పుట్టింది. ఫిఫా మహిళలకు మొదటి ప్రపంచకప్ పెట్టింది 1991లో, అదీ చైనాలోనే, గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్‌లో. అంటే ఆమెకు 18 ఏళ్లు. ఆ టోర్నీలో మ్యాచ్ 80 నిమిషాలే, 90 కాదు. ఆడవాళ్లు ఆ పది నిమిషాలు తట్టుకోలేరని ఎవరి బుర్రకు తట్టిందో గానీ అదే రూలు. చైనా క్వార్టర్ ఫైనల్లో స్వీడన్ చేతిలో 1-0తో ఓడింది. ఒలింపిక్స్‌లోకి మహిళల ఫుట్‌బాల్ వచ్చింది 1996లో, అప్పటికి ఆమెకు 23.

ఇప్పుడు కాగితం కిందికి రండి. 2003 ప్రపంచకప్ మళ్లీ చైనాలో జరగాలి, ఆమెకు 30 ఏళ్లు, సొంత జనం ముందు చివరి పెద్ద టోర్నీ ఆడి వెళ్లిపోవచ్చు. సార్స్ అంటువ్యాధి వచ్చింది. మే నెలలో ఫిఫా టోర్నీని అమెరికాకు మార్చేసింది, చైనా క్వార్టర్ ఫైనల్లో కెనడా చేతిలో 1-0తో ఇంటికి వెళ్లింది, సున్ వెన్ ఆట మానేసింది. 2005 చివర్లో మళ్లీ జట్టులోకి వచ్చింది కానీ 2006లో పూర్తిగా ఆపేసింది. చైనాకు బదులుగా ఇచ్చిన ప్రపంచకప్ ఎప్పుడు జరిగిందంటే, 2007లో. సొంతగడ్డ మీద ప్రపంచకప్ ఆమెకు 18 ఏళ్లప్పుడు దక్కిన ఆ ఒక్కటే. ఈ సంగతి ఏ గోల్స్ పట్టికలోనూ కనిపించదు.

2. గోల్స్‌ను ఎవరి మీద కొట్టిందో చూసి విడగొట్టండి

1986 నుంచి 1999 దాకా ఆసియా ఛాంపియన్‌షిప్ వరసగా ఏడుసార్లు చైనాదే. ఆ రోజుల్లో ఆసియాలో చైనాకూ మిగతా చాలా జట్లకూ మధ్య తేడా ఎంతంటే, 1995లో మలేషియాలోని కోట కినబాలులో ఫిలిప్పీన్స్‌ను 21-0తో కొట్టారు. నవ్వొస్తోందా? 1998 డిసెంబర్‌లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో 16-0తో చిత్తయిన జట్టు మనదే. కాబట్టి ఆ కాలం చైనా ఫార్వర్డ్ ఎవరిదైనా మొత్తం గోల్స్ అంకె చూడగానే కళ్లు పెద్దవి చేసుకోకండి, అలాగని కొట్టిపారేయకండి కూడా. ప్రపంచకప్, ఒలింపిక్స్ గోల్స్‌ను పక్కకు తీసి విడిగా రాసుకోండి.

ప్రపంచకప్‌లో సున్ వెన్ గోల్స్ 11: 1991లో ఒకటి, 1995లో రెండు, 1999లో ఏడు, 2003లో ఒకటి. ఆ ఏడింటిని మళ్లీ విప్పితే ఘనా మీద మూడు, ఆస్ట్రేలియా మీద రెండు, నార్వే మీద రెండు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో నాలుగు: నైజీరియా మీద రెండు, అమెరికా మీద ఒకటి, నార్వే మీద ఒకటి. అప్పటికి అమెరికా ప్రపంచ ఛాంపియన్, నార్వే ఆ ఒలింపిక్స్‌లోనే బంగారు పతకం కొట్టింది, ఈ రెండూ చైనా గ్రూపులోనే పడ్డాయి. చైనా గ్రూప్ దశలోనే ఔట్. అయినా టోర్నీ టాప్ స్కోరర్ సున్ వెన్. అందరూ 1999 ఏడు గోల్స్ గురించే మాట్లాడతారు గానీ, నన్నడిగితే సిడ్నీ నాలుగే ఎక్కువ బరువైనవి.

3. ఫైనల్ కంటే ముందు సెమీఫైనల్ చూడండి

1999 ప్రపంచకప్ అనగానే వెతుకులాటలో ఫైనలే పైకి వస్తుంది, ఆగండి. ముందు జూలై 4న అమెరికాలోని ఫాక్స్‌బరోలో నార్వేతో ఆడిన సెమీఫైనల్ హైలైట్స్ చూడండి. నార్వే అంటే అప్పటికి ప్రపంచకప్ చేతిలో ఉన్న జట్టు, 1995 విజేత. వాళ్లను చైనా 5-0తో కొట్టింది. సున్ వెన్ మూడో నిమిషంలోనే మొదటి గోల్ కొట్టింది, 72వ నిమిషంలో పెనాల్టీతో చివరిదీ ఆమెదే, మధ్యలో లియు ఐలింగ్ రెండు, డిఫెండర్ ఫాన్ యున్‌జియె ఒకటి. ఇది చూడకుండా ఫైనల్‌కి వెళ్తే చైనా ఏదో గోడకట్టి ఆడే జట్టు అనుకునే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఫైనల్లో గోల్ ఒక్కటీ పడలేదు.

4. ఇప్పుడు ఫైనల్, తొందరపడకుండా

1999 జూలై 10, పాసడీనాలోని రోజ్ బౌల్ స్టేడియం, అవతల అమెరికా, 90,185 మంది ప్రేక్షకులు, మండే ఎండ. మనకి అప్పటికి అర్ధరాత్రి దాటింది. మొత్తం 120 నిమిషాలు చూసే ఓపిక లేకపోతే రెండు చోట్లకు మాత్రం తప్పకుండా వెళ్లండి.

మొదటిది అదనపు సమయంలో చైనాకు దొరికిన కార్నర్. అప్పట్లో గోల్డెన్ గోల్ రూలు, ఎవరు ముందు కొడితే మ్యాచ్ అక్కడితో ఖతం. కార్నర్ వచ్చింది, ఫాన్ యున్‌జియె తలతో కొట్టింది, అమెరికా గోల్‌కీపర్ బ్రియానా స్కరీని దాటిపోయింది, ఇక లోపలికే అనుకునేలోపు గోల్ లైన్ మీద నిలబడ్డ క్రిస్టీన్ లిల్లీ తలతోనే బయటికి తోసేసింది. ఆ బంతి ఇంకాస్త పక్కగా పడి ఉంటే ప్రపంచకప్ చైనాదే. ఈ ముక్కను ఆపి ఆపి చూడండి, లిల్లీ అక్కడ ఎందుకుందంటే కార్నర్ పడినప్పుడు పోస్టు పక్కన కాపలా ఉండటం ఆమె డ్యూటీ.

రెండోది పెనాల్టీలు. వీటిని చూసేటప్పుడు ఎవరు ఎన్నోసారి వచ్చారో కాగితం మీద రాసుకుంటూ వెళ్లండి. చైనాదే మొదటి కిక్. షియె హుయిలిన్ గోల్, చియు హైయాన్ గోల్, మూడో కిక్ లియు యింగ్ కొడితే స్కరీ ఎడమవైపు దూకి ఆపేసింది. స్కరీ కిక్ కంటే ముందే లైన్ వదిలి ముందుకొచ్చిందన్న గొడవ ఇప్పటికీ నడుస్తోంది, రీప్లే చూసి మీరే తేల్చుకోండి. నాలుగోది జాంగ్ ఓయింగ్, గోల్. అమెరికా వైపు నలుగురూ కొట్టేశారు, స్కోరు 4-3. ఐదో కిక్‌కి వచ్చింది సున్ వెన్. ఆమె మిస్సయితే అక్కడే అయిపోతుంది, కొడితే మాత్రం ఇంకో అవకాశం మిగులుతుంది, అది కూడా తన చేతిలో లేదు. కొట్టింది. తర్వాత బ్రాండీ చాస్టెయిన్ ఎడమ కాలితో కొట్టింది, 5-4, జెర్సీ విప్పి మోకాళ్ల మీద కూర్చున్న ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఫొటో ముందు సున్ వెన్ కిక్ ఎవరికీ గుర్తుండదు, ఆ రోజు మొత్తంలో అంతకంటే టెన్షన్ కిక్ ఇంకొకటి ఉందని మాత్రం నేననుకోను.

5. అక్కడి నుంచి మూడేళ్లు వెనక్కి

1996 అట్లాంటా ఒలింపిక్స్ ఫైనల్, ఆగస్టు 1, జార్జియాలోని ఏథెన్స్ ఊరు, అవతల అదే అమెరికా, గోల్‌లో అదే స్కరీ. అమెరికా ముందు కొట్టింది, 32వ నిమిషంలో సున్ వెన్ గోల్‌కీపర్ మీదుగా బంతి లేపి సమం చేసింది, రెండో సగంలో మిల్‌బ్రెట్ గోల్‌తో 2-1 అమెరికా. చైనాకు వెండి. ఇది చూశాక 1999 ఫైనల్‌ను ఇంకోసారి చూస్తే ఆ ముఖాల్లో ఏముందో తెలుస్తుంది.

6. అవార్డులు లెక్కపెట్టేముందు అవి ఎప్పుడు పుట్టాయో చూడండి

1999లో ఆమెకు టోర్నీ ఉత్తమ ప్లేయర్‌గా గోల్డెన్ బాల్ వచ్చింది, ఏడు గోల్స్‌తో టాప్ స్కోరర్‌కిచ్చే గోల్డెన్ బూట్‌ను బ్రెజిల్ సిస్సీతో పంచుకుంది. 2000లో ఫిఫా శతాబ్దపు మహిళా ప్లేయర్ గౌరవాన్ని అమెరికాకు చెందిన మిషెల్ ఏకర్స్‌తో పంచుకుంది. బాగుంది కానీ, ఫిఫా ఏటా ఇచ్చే మహిళల అవార్డు మొదలైంది 2001లో, ఏటా ఉత్తమ ప్లేయర్‌కిచ్చే బాలన్ డోర్ మహిళలకు మొదలైంది 2018లో. ఆమె శిఖరం మీద ఉన్న ఏడాదికి అసలు ఈ అవార్డులే లేవు. ఇప్పటి ప్లేయర్లతో ట్రోఫీల సంఖ్య పోల్చి ఎవరు గొప్ప అని వాదించే వాళ్లకి ఈ రెండు ఏళ్లు చూపించండి.

7. క్లబ్ భాగం మీద ఎక్కువ టైం పెట్టొద్దు

ఆమె తరానికి అసలు ఆటంతా దేశం జట్టులోనే. 2001లో అమెరికాలో మహిళలకు ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూయూఎస్‌ఏ మొదలైంది, సున్ వెన్ అట్లాంటా బీట్ అనే క్లబ్‌కి ఆడింది, గాయాలు వెంటాడాయి, జట్టు మొదటి ఫైనల్లోనే పెనాల్టీల్లో ఓడింది (పెనాల్టీలు ఆమెను అక్కడా వదల్లేదు). 2003 సెప్టెంబర్‌లో, ప్రపంచకప్ ఇంకో ఐదు రోజుల్లో ఉందనగా, డబ్బుల్లేక లీగే మూతపడింది. కాగితం మీద ఒక లైన్ చాలు.

8. ఇదే కాగితాన్ని తిప్పి వాంగ్ షువాంగ్‌ను రాయండి

వెనకవైపు ఖాళీగా ఉంది కదా, ఈ తరం ప్లేయర్‌ను తీసుకోండి. వాంగ్ షువాంగ్ ఊరు వూహాన్. 2020 మొదట్లో లాక్‌డౌన్‌లో అక్కడే చిక్కుకుంది, వూహాన్‌లో జరగాల్సిన ఒలింపిక్ క్వాలిఫయర్లు మొదట నాన్‌జింగ్‌కి, అక్కడి నుంచి సిడ్నీకి మారిపోయాయి, ఆమె వెళ్లలేక అపార్ట్‌మెంట్ డాబా మీద ప్రాక్టీస్ చేసింది. ఏడాది తర్వాత దక్షిణ కొరియాతో ప్లేఆఫ్‌లో అదనపు సమయంలో ఆమె కొట్టిన గోల్‌తోనే చైనా టోక్యోకి వెళ్లింది, అక్కడ జాంబియాతో 4-4 అయిన మ్యాచ్‌లో నాలుగూ ఆమెవే.

2022 ఫిబ్రవరి 6న ఆసియా కప్ ఫైనల్ జరిగింది మన నవీ ముంబైలోనే. దక్షిణ కొరియా మీద 0-2తో వెనకబడి చివర్లో 3-2తో చైనా గెలిచిన మ్యాచ్ అది, కోచ్ షుయి చింగ్‌షియా. ఆ పేరు ఎక్కడో విన్నట్టుంటే కాగితం ముందువైపు 1996 దగ్గర చూడండి, అట్లాంటాలో వెండి తెచ్చిన జట్టులో సున్ వెన్‌తో పాటు ఆమె కూడా ఉంది.