తైద (రాగి) మాల్ట్, పుల్లటి అంబలి: ఎక్కడ చెడుతుంది, ఎట్లా సరిచేయాలి

మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజ. బార్లీతో బీరు చేసేవాళ్లకు ఎంత అవసరమో, తైద అంబలి పల్చగా, తియ్యగా రావాలనుకునే ఇంటికీ అంతే అవసరం. కావలసిన సామాను ఒక గంజు, నూలు బట్ట, జల్లెడ, మట్టి కుండ, పాత గొంగడి. కొత్తగా కొనేది వంట థర్మామీటర్ ఒక్కటే, పరీక్షలు చేసుకోవాలంటే అయోడిన్, పులుపు కొలిచే పీహెచ్ కాగితం కూడా.

ముందు సరైన పద్ధతి. పావు కిలో తైదలను 10 నుంచి 12 గంటలు నానబెట్టాలి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చాలి. నీళ్లు పూర్తిగా వంచేసి తడిబట్టలో 36 నుంచి 48 గంటలు మొలకెత్తనివ్వాలి. ఎండబెట్టి, చేతులతో నలిపి, వేర్లు చాటతో చెరిగి, మిక్సీలో పిండి పట్టాలి. ఇక వంట: మొలకెత్తని తైద పిండి 100 గ్రాములు 750 మి.లీ. నీళ్లలో గట్కలాగా (సంకటిలాగా చిక్కగా) ఉడికించి దించాలి. వేడి 65 డిగ్రీలకు తగ్గాక 20 గ్రాముల మాల్ట్ పిండిని నీళ్లలో కలిపి పోసి, గంజుకు గొంగడి చుట్టి 40 నిమిషాలు కదపకుండా ఉంచాలి. తర్వాత 5 నిమిషాలు మరిగించి, గోరువెచ్చగా చల్లారాక గరిటెడు పాత అంబలి గానీ మజ్జిగ గానీ కలిపి కుండలో రాత్రంతా పులియనివ్వాలి.

మొలకలు రాలేదు, వచ్చినా సగమే

చాలావరకు గింజ పాతది. వంద గింజలు తడిబట్టలో చుట్టి రెండు రోజుల తర్వాత లెక్కపెట్టండి. తొంభైకి తక్కువ మొలిస్తే ఆ తైదలు పిండికే పనికొస్తాయి, మాల్ట్‌కు కాదు. గింజ మంచిదే అయితే ఊపిరాడక చచ్చి ఉంటుంది: ఒక రోజు దాటి నీళ్లలో ఉన్నా, వంచాక అడుగున నీళ్లు నిలిచినా ఇదే జరుగుతుంది. ఒక మాట గట్టిగా చెప్పాలి. బాగా మొలుస్తాయని విత్తనాల దుకాణంలో గింజలు కొనకండి. వాటికి మందు పట్టించి ఉంటుంది, ఎన్నిసార్లు కడిగినా తిండికి పనికిరావు.

మొలకలు జిగటగా అయ్యాయి, బూజు పట్టింది

వరంగల్ ఎండకాలంలో ఇది మామూలే. మొలకెత్తే గింజ తనంతట తానే వేడి పుట్టిస్తుంది, మూట మందంగా ఉంటే లోపల ఉడికినట్టు అవుతుంది. మూట కట్టకుండా జల్లెడలో అంగుళం మందాన పరిచి తడిబట్ట కప్పండి. నాలుగైదు గంటలకోసారి నీళ్లు పోసి కడిగి, కలియదిప్పండి. కొంచెం జిగటగా మాత్రమే ఉండి పుల్లటి వాసన లేకపోతే కడిగి వాడుకోవచ్చు. బూజు ఒక్కచోట కనబడినా మొత్తం పారేయండి. కొన్ని బూజుల విషం మరిగించినా పోదు.

వానకాలంలో ముసురు పడితే మొలకల దాకా బాగానే వచ్చి, ఆరబెట్టేటప్పుడు చెడుతుంది. పల్చగా పరిచి ఫ్యాను కింద పెట్టండి. గింజ పంటి కింద పటుక్కున విరగాలి, అప్పటిదాకా డబ్బాలో పోయొద్దు.

మాల్ట్ వేసినా గట్క పల్చబడలేదు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. మొలకలో పిండిపదార్థాన్ని చక్కెరగా కోసే ఎంజైములు ఉంటాయి. అవి పనిచేసేదీ వేడితోనే, చచ్చిపోయేదీ వేడితోనే.

మొదటి అనుమానం వేయించడం. మాల్ట్‌ను దోరగా వేయిస్తే వాసన కమ్మగా వస్తుంది గానీ ఎంజైములు మాడిపోతాయి. పల్చబరచడానికి వాడే మాల్ట్‌ను ఎండలో గానీ ఫ్యాను కింద గానీ, 50 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టాలి. కమ్మదనం కావాలంటే ఉడికించే పిండిని వేయించుకోండి.

రెండోది తొందర. పొయ్యి మీద కుతకుతమంటున్న గట్కలో మాల్ట్ పోస్తే ఎంజైములు క్షణాల్లో చచ్చిపోతాయి. 80 డిగ్రీల దగ్గర ఏదీ నిలవదు. థర్మామీటర్ లేకపోతే లెక్క ఇది: అప్పుడే దించిన గట్కలో 30 డిగ్రీల నీళ్లు 700 మి.లీ. కలిపితే 65 దగ్గరికి వస్తుంది. మాల్ట్ కలిపే నీళ్లు కూడా ఇందులో భాగమే, కానీ ముందు చల్లనీళ్లు పోసి కలిపి, చివర మాల్ట్ పోయాలి. కుండ నీళ్లు చల్లగా ఉంటాయి కాబట్టి 600 చాలు. మే నెలలో ట్యాంకు నుంచి వచ్చే వేడినీళ్లతో ఈ లెక్క కుదరదు.

చక్కెరగా మారిందో లేదో తేల్చాలంటే తెల్ల పళ్లెంలో చెంచాడు అంబలి వేసి ఒక చుక్క అయోడిన్ కలపండి. నీలి నలుపు వస్తే పిండి ఇంకా ఉంది, మరో 20 నిమిషాలు ఆగాలి. పరీక్షించింది పారబోయండి.

పల్చబడింది, తియ్యదనం లేదు

వేడి 70 దాటి ఉంటుంది. పల్చబరిచే ఎంజైము ఆ వేడిని ఓర్చుకుంటుంది, తీపినిచ్చేది ఓర్చుకోదు. ఈసారి 62 నుంచి 65 మధ్య గంటసేపు ఉంచండి. తీపికి బదులు చేదు తగిలితే వేర్లు సరిగా చెరగలేదని అర్థం.

తెల్లారినా పులవలేదు

తోడు వేసినప్పుడు అంబలి ఇంకా వేడిగా ఉందా చూసుకోండి, చేతికి చురుక్కుమంటే అందులో తోడు బతకదు. ఉప్పు ముందే వేసినా ఆలస్యమవుతుంది, తాగేటప్పుడే వేయాలి. చలికాలంలో, ముఖ్యంగా ఆదిలాబాద్ వైపు, రాత్రి ఒక్కటి చాలదు. కుండకు గొంగడి చుట్టి పొయ్యి పక్కన పెట్టి పూర్తి రోజు ఇవ్వండి. పీహెచ్ కాగితం మీద 4.5 కన్నా తగ్గితే పులిసినట్టే.

నురగ కట్టింది, కల్లు వాసన వస్తోంది

గాలిలోని ఈస్ట్ చేరింది. తీపి ఎక్కువై, గంటలు ఎక్కువైతే అది పైచేయి అవుతుంది. ఆ అంబలి పారబోసి, కుండను మరిగే నీళ్లతో కడిగి ఎండలో పెట్టండి, మళ్లీ కొత్త తోడు వాడండి. కావాలని ఈస్ట్ వేసి బీరు దాకా తీసుకుపోవడం మాత్రం వద్దు, లైసెన్సు లేకుండా మత్తు పానీయం చేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం.

తైదలకు బదులు జొన్నలు వాడొచ్చా?

ఉడికించే పిండిగా నిశ్చింతగా వాడండి, జొన్న పిండి బాగా ఉడకాలి, అంతే. మాల్ట్‌కు మాత్రం తైదలే మంచివి. జొన్న మొలకలోనూ వేరులోనూ సైనైడు విడుదల చేసే పదార్థం ఉంటుంది. లేత జొన్న మేసి పశువులు పడిపోయేది దానివల్లే. జొన్న మొలకలు పచ్చివి ఎవరికీ, ముఖ్యంగా పిల్లలకు, పెట్టొద్దు.