థర్మోస్టాట్ మారుస్తున్నారా? తీగ రంగును నమ్మకండి

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది చలికాలం ముందు హీటింగ్ వేసి చూస్తారు. ఇంటి వేడినీ చల్లదనాన్నీ అదుపు చేసే గోడ మీది పాత థర్మోస్టాట్ మొరాయిస్తే కొత్తది తెచ్చి తామే బిగించేద్దామనుకుంటారు. పని గంటలోపుదే. కాకపోతే రెండు తీగలు పొరపాటున తగిలాయంటే ఆ రాత్రి ఇంట్లో వేడి ఉండదు. కాబట్టి మంచు పడకముందే, హార్డ్‌వేర్ షాపులు తెరిచి ఉండే పగటిపూట మొదలుపెట్టండి. అద్దె అపార్ట్‌మెంట్ అయితే అసలు ముట్టుకోవద్దు, మెయింటెనెన్స్ వాళ్లకు చెప్పండి.

ముందు ఇంటి కరెంటు ప్యానెల్‌లో ఫర్నేస్ (ఇంటిని వేడిచేసే యంత్రం) బ్రేకర్ ఆపండి. ఫర్నేస్ పక్కనే లైటు స్విచ్‌లా ఇంకో స్విచ్ ఉంటుంది, దాన్ని కూడా ఆపండి. ఏసీ బయటి యూనిట్‌కు వేరే బ్రేకర్ ఉంటుంది, అదీ ఆపేయండి. అప్పుడు పాత థర్మోస్టాట్ మూత లాగి తీగలు చూడండి. 1 మిల్లీమీటరు మందం ఉన్న సన్న రాగి తీగలు నాలుగైదు చిన్న స్క్రూల కింద ఉంటే అవి 24 వోల్టులవి, మీరు చేయగలిగిన పనే. లావుపాటి తీగలు రెండో నాలుగో ప్లాస్టిక్ టోపీలతో మెలేసి ఉంటే అక్కడే ఆగండి. అవి గోడ అడుగున బిగించే బేస్‌బోర్డ్ కరెంటు హీటర్‌వి, 120 లేదా 240 వోల్టులు. మామూలు థర్మోస్టాట్ దానికి పెడితే కాలిపోతుంది, మీకూ ప్రమాదమే. ఇంగ్లండులో ఉన్నవాళ్లు ఇది చదివి చేయి పెట్టవద్దు. అక్కడ చాలా ఇళ్లలో గది థర్మోస్టాట్ దాకా 230 వోల్టులే వస్తాయి.

ఇక రంగుల సంగతి. థర్మోస్టాట్‌లో ఒక్కో స్క్రూ పక్కన ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది. ఎర్రది ఆర్‌కు, తెల్లది డబ్ల్యూకు, పసుపు వైకి, ఆకుపచ్చ జీకి వేయడం ఆనవాయితీ. ఆర్ అంటే కరెంటు వచ్చే తీగ, డబ్ల్యూ హీటింగ్, వై కూలింగ్, జీ ఫ్యాను. కానీ చేతికి అందిన రంగుతో పని కానిచ్చేసిన ఇళ్లు కొల్లలు. అందుకే తీగ ఏ అక్షరం కింద ఉందో స్పష్టంగా ఫొటో తీసుకోండి. ఒక్కో తీగకూ టేపు ముక్క అంటించి ఆ అక్షరం రాయండి, ఆ తర్వాతే స్క్రూ వదులు చేయండి. వదులు చేసిన తీగలను పెన్సిల్‌కు చుట్టి ఉంచండి. లేకపోతే గోడలోకి జారిపోతాయి, మళ్లీ బయటికి తీయడం చాలా కష్టం.

వైఫై థర్మోస్టాట్లలో చాలావాటికి సీ తీగ, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, కావాలి. గోడలో వాడని తీగ మడిచి ఉందేమో వెతకండి. ఉంటే ఇక్కడ సీకి బిగిస్తే చాలదు, అటు చివర ఫర్నేస్ లోపలి సర్క్యూట్ బోర్డు మీద కూడా సీకి బిగించాలి. ఎక్కువమంది మరిచేది ఈ రెండో చివరనే. విడి తీగ లేకపోతే 24 వోల్టుల ప్లగ్ అడాప్టర్ గానీ, థర్మోస్టాట్ కంపెనీ అమ్మే అదనపు కిట్ గానీ కొనుక్కోవాలి. జీ తీగను తీసి సీకి వాడేసేవాళ్లున్నారు. అలా చేస్తే ఫ్యాను ఒక్కదాన్నీ విడిగా నడపలేరు.

కరెంటు ఉండగా ఆర్, సీ తగిలాయా, బోర్డు మీది ఫ్యూజు పోతుంది. అది కార్లలో వాడే చిన్న ఫ్యూజే: ఊదారంగుది 3 ఆంపియర్లు, లేత గోధుమరంగుది 5. పని మొదలుపెట్టే ముందే అదే రేటింగ్‌వి రెండు తెచ్చి పెట్టుకోండి. పెద్ద రేటింగ్‌ది వేయొద్దు, ఈసారి 24 వోల్టులు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. పాత ఫర్నేసుల్లో కొన్నింటికి ఫ్యూజే ఉండదు, వాటిలో తొలి దెబ్బ నేరుగా ట్రాన్స్‌ఫార్మర్‌కే. ఫ్యూజు బాగానే ఉన్నా స్క్రీన్ వెలగకపోతే ఫర్నేస్ తలుపు సరిగ్గా పడిందో లేదో చూడండి. తలుపు వెనక స్విచ్ నొక్కుకోకపోతే కరెంటే రాదు.

హీట్ పంప్ (వేడికీ చల్లదనానికీ ఒకటే పనిచేసే యంత్రం) ఉన్న ఇంట్లో ఇంకో మెలిక ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో ఇవి ఎక్కువ. ఓ/బీ అనే టెర్మినల్ (తీగ బిగించే చోటు) వేడికీ చల్లదనానికీ మధ్య దారి మార్చే వాల్వ్‌ది. సెటప్‌లో ఇది తిరగబడితే వేడి అడిగినప్పుడు చల్లగాలి వస్తుంది. చాలా కంపెనీలు ‘ఓ’ అక్షరం పద్ధతిలో (చల్లదనానికి వాల్వ్‌కు కరెంటు ఇచ్చేలా) చేస్తాయి, రీమ్ కంపెనీ వాళ్లది ‘బీ’ (వేడికి ఇచ్చేలా). ట్రేన్ కంపెనీ పాత యూనిట్లు కొన్నింటిలో బీ అంటే సీ తీగే. దాన్ని ఓ/బీలో పెడితే నేరుగా షార్టే. బయటి యూనిట్ మీది వైరింగ్ చిత్రం చూడకుండా బీ తీగను బిగించకండి.

తీగ చివర సెంటీమీటరు మేర తొడుగు తీస్తే చాలు. టెర్మినల్ బయట రాగి కనిపించకూడదు. గోడ రంధ్రాన్ని పుట్టీతో మూసేయండి. లేకపోతే గోడలోంచి వచ్చే చల్లగాలి సోకి, గది వెచ్చగా ఉన్నా ఫర్నేస్ నడుస్తూనే ఉంటుంది.

కరెంటు వేశాక గది ఉష్ణోగ్రత కంటే నాలుగైదు డిగ్రీలు పెంచండి. గ్యాస్ ఫర్నేస్‌లో ముందు చిన్న ఫ్యాను తిరుగుతుంది, తర్వాత మంట అంటుకుంటుంది, ఇంకో అర నిమిషం, నిమిషానికి వెచ్చటి గాలి వస్తుంది. తొలిరోజు కాస్త దుమ్ము కాలిన వాసన మామూలే. గ్యాస్ వాసన వస్తే మాత్రం ఏ స్విచ్ ముట్టుకోకుండా ఇంట్లోవాళ్లందరితో బయటికి వెళ్లి అక్కడినుంచే గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి. బయట 60 ఫారన్‌హీట్ డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఏసీని పరీక్షించకండి, కంప్రెసర్ దెబ్బతింటుంది.

తీసేసిన థర్మోస్టాట్‌లో వెండిరంగు చుక్క కదిలే గాజు గొట్టం కనిపిస్తే అది పాదరసం. చెత్తబుట్టలో వేయకుండా, పగలకుండా కవర్‌లో పెట్టి మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి.